మా వాడు కాళ్లు పట్టుకోకుండా చేసే కుస్తీ నేర్చుకుంటాడట. ఈ స్టీవ్ ఫ్రేజర్ ఎవరో తెలిసినవాళ్లు చెప్పండి

నోవై_నాన్న
మేముండేది డెట్రాయిట్ పక్కన. పెద్దాడు టెన్త్. రెండేళ్లుగా స్కూల్లో రెజ్లింగ్ చేస్తున్నాడు. చలికాలం సీజన్ అయిపోయింది కదా, ఇక వేసవిలో లెక్కల క్లాసులో పడేద్దామనుకున్నాను. నిన్న వచ్చి "నాన్నా, నేను గ్రీకో-రోమన్ చేస్తాను" అన్నాడు. అదేంట్రా అంటే నడుం కింద పట్టుకోకూడదట, కాలు అడ్డం పెట్టకూడదట. కాళ్లు పట్టుకోకుండా కుస్తీ ఏంటి, పెళ్లిలో బావమరుదుల ఆలింగనమా?
గోడకి ఒకాయన ఫొటో కూడా అంటించాడు. స్టీవ్ ఫ్రేజర్. మన మిషిగన్ వాడే, ఒలింపిక్ గోల్డ్, తర్వాత ఇరవై ఏళ్లు అమెరికా జట్టుకి కోచ్ అంటున్నాడు. నిజంగా అంత గొప్పవాడా, లేక వీడు నన్ను ఒప్పించడానికి చెబుతున్నాడా? ఇంకో గొడవ. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేశాడు. దాంతో మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

ఉమ_వంటిల్లు
అన్నం మానేసింది వాడైతే మీతో మాట్లాడటం మానేయడమేంటండీ 😄 మీరే చేర్పించి ఉంటారు.

నోవై_నాన్న
ఫారం మీద సంతకం నాదే. ఒప్పుకుంటున్నాను.

మధు_ఆన్_ఆర్బర్
మీ వాడు అబద్ధం చెప్పలేదు. ఫ్రేజర్ హేజెల్ పార్క్ కుర్రాడు, మీ ఇంటి నుంచి అరగంట. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చదువుతూ రెండుసార్లు ఆల్ అమెరికన్ అయ్యాడు, అంటే దేశంలోని కాలేజీ కుస్తీ వాళ్లలో ముందు వరసన్నమాట. అది కాలేజీ పద్ధతి కుస్తీ, కాళ్లు పట్టుకోవచ్చు. చదువయ్యాక ఇక్కడే షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీగా పనిచేస్తూ గ్రీకో ప్రాక్టీస్ చేశాడు. పగలు పోలీసు, సాయంత్రం మ్యాట్. 1984 లాస్ ఏంజెలెస్‌లో 90 కిలోల విభాగంలో బంగారం. గ్రీకో-రోమన్‌లో అంతకు ముందు ఏ అమెరికన్‌కీ ఒలింపిక్ బంగారం లేదు. ఆయనే మొదటివాడు.
1995లో జాతీయ గ్రీకో కోచ్ అయ్యాడు, 2014 దాకా ఉన్నాడు. అంటే పంతొమ్మిదేళ్లు. మీ వాడు గుండ్రంగా ఇరవై చేశాడంతే.

లెక్కల_మాస్టారు
1984 అన్నప్పుడే ఆగాలి. ఆ ఏడాది ఒలింపిక్స్‌ని బహిష్కరించి సోవియట్ యూనియన్ రాలేదు. బల్గేరియా రాలేదు. హంగరీ, పోలండ్, తూర్పు జర్మనీ ఎవరూ రాలేదు. గ్రీకో-రోమన్ అంటేనే ఆ దేశాల ఆట. పెళ్లివారు లేని పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని మొదటి పంక్తి నాదే అన్నట్టుంది.

మధు_ఆన్_ఆర్బర్
మాస్టారూ, ఈ మాట వస్తుందని తెలుసు. అయితే ఆయన ఎవరిని ఓడించాడో కూడా చూడండి. స్వీడన్ ఫ్రాంక్ ఆండర్సన్. 1977, 79, 82లలో ప్రపంచ ఛాంపియన్. స్వీడన్ ఏమీ బహిష్కరించలేదు, పూర్తి బలంతో వచ్చింది. ఆ బరువులో అందరూ ఆండర్సన్‌కే బంగారం రాసిపెట్టేశారు. ఫ్రేజర్ ఆయన్ని ఓడించాడు, ఆండర్సన్ కంచుతో సరిపెట్టుకున్నాడు. ఫైనల్లో ఇలీ మతేయ్, రొమేనియా. సోవియట్ కూటమి దేశాల్లో మాస్కో మాట వినకుండా లాస్ ఏంజెలెస్ వచ్చింది రొమేనియానే. స్కోరు 1-1, నిబంధనల లెక్కలో ఫ్రేజర్‌కి దక్కింది.

లెక్కల_మాస్టారు
1-1. అదీ లెక్కే. నేను కాదనలేదు. సోవియట్ వాడుంటే ఏమయ్యేదో అన్నది మాత్రం అలాగే ఉంటుంది.

గోదావరి_గట్టు
1980లో అమెరికా వాళ్లు మాస్కో వెళ్లలేదు కదా. అప్పుడు గెలిచిన సోవియట్ వాళ్ల పతకాలకీ ఇదే కొలత వేస్తారా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
గ్రీకోకి వేయను. అప్పటికి అమెరికాలో గ్రీకో ఎవడికి వచ్చు? 🙂

మధు_ఆన్_ఆర్బర్
చూశారా, నా మాట మీరే చెప్పారు. ఎవరికీ రాదు. అందుకే ఆయన కథ చెప్పుకోదగ్గది.

తాలీం_తమ్ముడు
హైదరాబాద్ పాతబస్తీ నుంచి. మా తాత తాలీంకి, అంటే కుస్తీ అఖాడాకి పోయేటోడు, నేను కూడా చిన్నప్పుడు ఓ రెండేళ్లు పోయిన. మన కుస్తీలో సగం పట్లు కాళ్ల మీదనే. కాలు దొరకలేదంటే పహిల్వాన్‌కి చేతులు కట్టేసినట్టే. అందుకే మన దేశంలో కాళ్లు పట్టుకోనిచ్చే ఫ్రీస్టైల్ వాళ్లు ఒలింపిక్ పతకాలు తెస్తున్నరు, గ్రీకోలో ఇప్పటికీ ఒక్కటి కూడా లేదు. ఏషియన్ గేమ్స్‌లో 2010లో రెండు కంచులు వచ్చినయి, తర్వాత మళ్లీ హాంగ్‌జౌలో సునీల్ కుమార్ 87 కిలోలలో కంచు కొట్టేదాకా ఏమీ లేదు. మధు అన్నా, అమెరికాది కూడా గదే గోసనా?

మధు_ఆన్_ఆర్బర్
అచ్చం అదే. ఇక్కడ స్కూళ్లలో, కాలేజీల్లో ఆడేది ఫోక్‌స్టైల్. కాలు లాగి కింద పడేయడం, పైన కూర్చుని లేవనీయకపోవడం. ఎదుటివాణ్ని పైనుంచి ఎంతసేపు అణిచి ఉంచితే అంత లాభం, దానికి గడియారం పెట్టి కొలుస్తారు. పదేళ్లు ఇదే ఆడిన కుర్రాడు ఇరవై రెండేళ్లకి గ్రీకోకి వస్తాడు. అవతల జార్జియా, అర్మేనియా, ఇరాన్ కుర్రాళ్లు పదేళ్ల వయసు నుంచి నడుం పట్టుకుని ఎత్తి వెనక్కి విసరడం నేర్చుకుంటారు. ఛాతీకి ఛాతీ ఆనితే చాలు, వాళ్ల చేతులు ఎక్కడికి పోవాలో వాటికే తెలుసు.
ఫ్రేజర్ తనకున్న లోటు తెలుసుకున్నవాడు. ఎత్తి విసరడంలో వాళ్లతో పోటీపడలేనని తెలుసు. అందుకే అతని ఆట అంతా నెట్టుడు. చేయి లాగు, మెడ మీద బరువేయి, అడుగు వెనక్కి వేయించు, ఊపిరి తిప్పుకోనీయకు. అయిదో నిమిషానికి అవతలివాడి భుజాలు జారతాయి. ఆండర్సన్‌ని ఓడించింది అలాగే. కోచ్ అయ్యాక కుర్రాళ్లకి నేర్పిందీ అదే. ఒక విజిల్‌కీ ఇంకో విజిల్‌కీ మధ్య ఆగకుండా చాలాసేపు సాగే బౌట్లు పెట్టేవాడు, వాటికి గ్రైండ్ అని పేరు. రుబ్బురోలు అనుకోండి.

ఉమ_వంటిల్లు
మా అత్తగారు కూడా ఇదే పద్ధతి. పిండి రుబ్బించి రుబ్బించి కోడళ్లని ఛాంపియన్లని చేశారు.

కుర్రాడు_కాన్సాస్
బ్రో గ్రీకో పేరే ఒక మోసం. గ్రీకులకీ రోమన్లకీ దీనికీ సంబంధం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. చాలాకాలం ఫ్రెంచ్ రెజ్లింగ్ అనే అనేవాళ్లు. పాత శిల్పాల మోజులో ఆ పేరు తగిలించారు.

గోదావరి_గట్టు
అంటే మైసూర్ బజ్జీలో మైసూర్ ఎంతుందో దీంట్లో రోమ్ అంతుందన్నమాట.

మోకాలి_చిప్ప
నేను అడ్డం పడుతున్నాను. ఛాంపియన్ అయినంత మాత్రాన కోచ్‌గా పనికొస్తాడా? నేను కాలేజీలో ఉండగా కబడ్డీ ఆడాను. మాకొక కోచ్ ఉండేవారు, పేరొద్దు, ఆయన రోజుల్లో రాష్ట్ర స్థాయిలో తిరుగులేని రైడర్. మాకు ఏం చెప్పేవారంటే "వెళ్లు, తాకు, రా". అంతే. ఎలా వెళ్లాలి, ఎవర్ని తాకాలి అంటే "అది తెలియకపోతే కబడ్డీ ఎందుకురా" అనేవారు. ఆయన ఒంటికి తెలిసింది మా ఒంటికి ఎందుకు తెలియదో ఆయనకి అర్థమయ్యేది కాదు. మోకాలు పోయాక మానేశాను, పేరు అందుకే.

మధు_ఆన్_ఆర్బర్
మోకాలి_చిప్ప గారి మాటలో సగం ఒప్పుకుంటాను. పుట్టుకతో వచ్చినవాడు నేర్పలేడు. ఫ్రేజర్‌కి పుట్టుకతో రాలేదు, అందుకే నేర్పగలిగాడేమో.

లెక్కల_మాస్టారు
భావాలు చాలు, పతకాలు లెక్కపెడదాం. ఒలింపిక్స్ మాత్రమే.
1996 అట్లాంటా: డెన్నిస్ హాల్, బ్రాండన్ పాల్సన్, మాట్ గఫ్ఫారీ. మూడు రజతాలు.
2000 సిడ్నీ: రూలన్ గార్డ్‌నర్ బంగారం, మాట్ లిండ్‌ల్యాండ్ రజతం, గారెట్ లౌనీ కంచు.
2004: గార్డ్‌నర్ కంచు, అంతే.
2008: ఆడం వీలర్ కంచు, అంతే.
2012: సున్నా.
మెట్లు దిగుతున్నట్టు లేదూ? 95లో వచ్చినవాడికి 96 రజతాలు ఖాతాలో వేయడం కూడా సరికాదు. హాల్ 1995లోనే ప్రపంచ ఛాంపియన్. వేరేవాళ్లు వేసిన చేను.

గోదావరి_గట్టు
మాస్టారు ఆడిటర్ అయి ఉంటారు.

లెక్కల_మాస్టారు
రిటైర్డ్ బ్యాంకు మేనేజర్‌ని.

మధు_ఆన్_ఆర్బర్
ఒలింపిక్స్ మాత్రమే అనడం మీకు అనుకూలంగా ఉంది మాస్టారూ. ప్రపంచ పోటీలు కలపండి. 2001 గార్డ్‌నర్ ఛాంపియన్, 2002 డ్రెమియల్ బైయర్స్ ఛాంపియన్, 2006 జో వారెన్ ఛాంపియన్. ఆ తర్వాత 2007 బాకు. ఒక్క అమెరికన్‌కి కూడా వ్యక్తిగత బంగారం రాలేదు, కానీ జట్టు టైటిల్ అమెరికాది! గ్రీకో-రోమన్‌లో అమెరికా ప్రపంచ జట్టు టైటిల్ గెలవడం చరిత్రలో అదే మొదటిసారి. రష్యా, ఇరాన్, టర్కీ అన్నీ ఉన్న పోటీ. ఒక స్టార్ గెలిపిస్తే వచ్చేది కాదు అది. ఏడు బరువుల్లో ప్రతివాడూ ఒక బౌట్ ఎక్కువ గెలవాలి. రుబ్బురోలు మహిమ అంటే అదే.
ఫ్రేజర్ వెళ్లిపోయాక ఏమైందో కూడా లెక్క వేయండి. 2016 సున్నా, టోక్యో సున్నా, పారిస్ సున్నా.

లెక్కల_మాస్టారు
ఊ. 2007 నాకు తెలియదు. అది వెనక్కి తీసుకుంటున్నాను. మెట్లు దిగడం మాత్రం తీసుకోను. ఇరవై ఏళ్లు ఒకే కోచ్ ఉంటే కింది స్థాయిలో కుర్రాళ్లు తయారు కావాలి కదా. అదెందుకు జరగలేదు?

కుర్రాడు_కాన్సాస్
స్కాలర్‌షిప్ ఎవడిస్తాడు మాస్టారూ? ఇక్కడ కాలేజీలు ఫోక్‌స్టైల్‌కే డబ్బు పెడతాయి. గ్రీకోలో బాగున్నవాణ్ని కూడా కాలేజీ కోచ్ నాలుగేళ్లు కాళ్లు లాగిస్తాడు. ఇది కోచ్ వల్ల మారేది కాదు.

తాలీం_తమ్ముడు
గార్డ్‌నర్ అంటే కరేలిన్‌ని ఓడగొట్టినాయనేనా? ఆ కథ ఎవరన్నా సరిగ్గా చెప్పండి. మా తాలీం ఉస్తాద్ గదిలో కరేలిన్ ఫొటో ఉండేది, హనుమంతుడి పక్కన.

సిడ్నీ_సీతాపతి
నేను చెబుతాను. ఆ రోజుల్లో నేను ఇక్కడే, కొత్తగా వచ్చాను. హాల్లో లేను, ఆఫీసు క్యాంటీన్ టీవీలో చూశాను. అందరూ ఈత గురించే మాట్లాడుకుంటున్నారు, కుస్తీ ఎవరికీ పట్టలేదు.
2000 సెప్టెంబర్ 27. అలెగ్జాండర్ కరేలిన్, సైబీరియా మనిషి. 1988, 92, 96 మూడు ఒలింపిక్ బంగారాలు, తొమ్మిది ప్రపంచ టైటిళ్లు. పదమూడేళ్లుగా అంతర్జాతీయ పోటీల్లో ఓడలేదు. ఆరేళ్లుగా ఎవరికీ ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. బోర్లా పడుకున్న నూట ముప్ఫై కిలోల మనిషిని నడుం దగ్గర తలకిందులుగా పట్టుకుని, నేల మీంచి పెకలించి, వెనక్కి విసిరేవాడు. ఆ పట్టు పడుతుందని తెలిసి కొందరు ముందే వెల్లకిలా తిరిగిపోయేవాళ్లట, ఓడినా మెడ మిగులుతుందని.
ఇటు రూలన్ గార్డ్‌నర్. వయోమింగ్‌లో పాల డెయిరీ ఉన్న రైతు కొడుకు, తొమ్మిది మందిలో చివరివాడు. 1997లో ఇదే కరేలిన్ చేతిలో 5-0తో ఓడాడు, మెడ మీద పడ్డాడు.
ఫైనల్ మొదటి భాగం 0-0. అప్పటి నిబంధన ఏంటంటే, అలా అయితే రెండో భాగం క్లించ్‌తో మొదలవుతుంది. ఇద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించి, చేతులు ఎదుటివాడి వెనక ముడేసి నిలబడాలి. ముడి ఎవరిది ముందు విడితే వాళ్లు ఒక పాయింట్ ఇచ్చుకోవాలి. ఇద్దరూ గిరగిరా తిరుగుతున్నారు. కరేలిన్ వేళ్లు ఒక్క క్షణం, కంటికి ఆనీ ఆననంత, విడిపోయి మళ్లీ కలిశాయి. రిఫరీకి కనబడలేదు. వీడియో చూసి ఇచ్చారు. 1-0.
అప్పటికీ అయిపోలేదు. ఎవరికీ మూడు పాయింట్లు రాకపోతే అదనంగా మూడు నిమిషాలు ఆడాలి. కరేలిన్ పట్టు కోసం వస్తాడు, గార్డ్‌నర్ నడుం ఇవ్వడు, ఛాతీతో నెట్టుకుంటూ పోతాడు. చివరి కొన్ని సెకన్లు ఉండగా కరేలిన్ నెట్టడం ఆపేసి చేతులు దించేశాడు. అతను ఓడినట్టు ముందు అతనికే తెలిసింది. క్యాంటీన్‌లో నేనొక్కణ్నే లేచి నిలబడ్డాను, మిగతావాళ్లు నన్ను చూశారు.

తాలీం_తమ్ముడు
రోమాలు లేచినయి అన్నా. ఉస్తాద్ ఉండుంటే ఫొటో తీసేటోడు కాదు గానీ పక్కన ఇంకోటి పెట్టేటోడు.

మోకాలి_చిప్ప
సరే, గెలిచింది గార్డ్‌నర్. కోచ్ గొప్పేముంది ఇందులో?

మధు_ఆన్_ఆర్బర్
అదనపు మూడు నిమిషాలు. తొమ్మిది నిమిషాల చివర కూడా నెట్టగలిగాడు చూడండి. 1984లో ఫ్రేజర్ ఆడిన ఆటే అది, పదహారేళ్ల తర్వాత వేరే ఒంట్లో. గార్డ్‌నర్‌కి సొంత కోచ్‌లూ ఉన్నారు, పుణ్యమంతా ఒక్కరికే రాసివ్వను. కానీ అదే సిడ్నీలో లౌనీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు, అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్ గోగి కొగువాష్విలీని ఓడించాడు. ఒకేసారి రెండు జరిగితే అదృష్టం అనలేం.
ఇంకో తమాషా, కాళ్ల గొడవ కాబట్టి చెబుతున్నాను. లిండ్‌ల్యాండ్ ఆ ఏడాది సెలక్షన్ ఫైనల్లో ఓడిపోయాడు. అవతలివాడు కాలు అడ్డం పెట్టాడు, అది గ్రీకోలో నేరం అని ఫిర్యాదు. వినలేదు. మధ్యవర్తిత్వం, రీమ్యాచ్, కోర్టులు, అన్నీ ఎక్కి దిగి చివరికి జట్టులోకి వచ్చి రజతం తెచ్చాడు. 2014లో ఫ్రేజర్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఇతనే.

గోదావరి_గట్టు
తోడల్లుడి మీద సరిహద్దు కేసు గెలిచి పొలంలో బంగారం తవ్వినట్టుంది.

లెక్కల_మాస్టారు
రజతం. బంగారం కాదు.

ఉమ_వంటిల్లు
అందరూ పతకాలే లెక్కపెడుతున్నారు, ఆ తల్లి బాధ ఎవరికీ పట్టలేదు. పిల్లాడు అన్నం మానేశాడని కదా మొదటి పోస్టు? మా అమ్మాయి కూడా ఇక్కడ రెజ్లింగ్ చేస్తుంది, రెండేళ్లయింది. బరువు తగ్గించుకోవడం ఆటలో భాగం అని ఊరుకోకండి. 1997లో నెలరోజుల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు బరువు దించుకోబోయి చనిపోయారు. వేడి గదిలో రబ్బరు సూటు వేసుకుని సైకిల్ తొక్కడం, నీళ్లు తాగకపోవడం. అందులో ఒకడు మీ మిషిగన్ యూనివర్సిటీవాడే. ఆ తర్వాతే నిబంధనలు గట్టిగా మార్చారు. ఇప్పుడు హైస్కూల్ సీజన్ మొదట్లో మూత్రం పరీక్ష చేసి ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయో చూస్తారు, కొవ్వు కొలుస్తారు. మగపిల్లలకి కొవ్వు ఏడు శాతం కన్నా కిందికి దిగే బరువు ఒప్పుకోరు. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం కన్నా ఎక్కువ తగ్గకూడదు. ఆ కాగితం స్కూల్లో ఉంటుంది, అడిగి తీసుకోండి. వేసవి క్లబ్బుల్లో ఇంత కాపలా ఉండదు, మీరే ఉండాలి.
మా ఇంట్లో ఒప్పందం: రాత్రి అన్నం తగ్గించుకో, పప్పూ పెరుగూ మాత్రం మానడానికి లేదు. పోటీ రోజు తూకం అవ్వగానే కారులోనే డబ్బా తెరుస్తాను. దద్దోజనం. పక్క కారు వాళ్లు కూడా ఇప్పుడు అడుగుతున్నారు.

నోవై_నాన్న
ఉమగారూ, ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. మూడు రోజుల తర్వాత మొదటి మాట: "ఆవిడ నంబరు తీసుకోండి."

ఉమ_వంటిల్లు
నంబరు ఇక్కడ వద్దు, విడిగా సందేశం పెడతాను. ఇంకోటి, తామర వస్తుంది. మ్యాట్ మీంచి అంటుకుంటుంది. ప్రాక్టీస్ అవ్వగానే స్నానం చేయించండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. చెవికి రక్షణ తొడుగు కూడా. లేదంటే చెవి వాచి కాలీఫ్లవర్ అవుతుంది, పెళ్లిచూపుల్లో సమాధానం చెప్పుకోలేరు.

కుర్రాడు_కాన్సాస్
ఆంటీ, కాలీఫ్లవర్ చెవి అంటే మా దగ్గర డిగ్రీ సర్టిఫికెట్ కన్నా విలువెక్కువ 😎

మోకాలి_చిప్ప
నోవై గారూ, నాదొక్క సలహా. ఫొటోలో ఉన్న కోచ్ ఎలాంటివాడో వదిలేయండి. మీ వాడికి నేర్పబోయేవాణ్ని వెళ్లి చూడండి. ఓడిన కుర్రాడితో ఏం మాట్లాడతాడో ఒక పది నిమిషాలు గోడ పక్కన నిలబడి వినండి.

లెక్కల_మాస్టారు
ఇది మంచి మాట. ఫీజు కూడా కనుక్కోండి.

నోవై_నాన్న
అప్‌డేట్. నిన్న సాయంత్రం తీసుకెళ్లాను. గోడ పక్కనే నిలబడ్డాను. కోచ్ పెద్దాయన, మెడ లేదు, తల నేరుగా భుజాల మీద ఉంది. మా వాణ్ని వాడి కన్నా చిన్న కుర్రాడితో పెట్టారు. అలవాటు కొద్దీ కాలు మీదకి వంగాడు. విజిల్. మళ్లీ వంగాడు. విజిల్. మూడోసారి చేతులు వెనక్కి పెట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. ఆ చిన్నాడు నడుం చుట్టేసి ఎత్తి పడేశాడు. నా గుండె ఆగింది.
పెద్దాయన వచ్చి ఏం తిట్టలేదు. మా వాడి రెండు చేతులూ పట్టుకుని ఆ చిన్నాడి చంకల కింద సరిగ్గా ఎక్కడ పెట్టాలో పెట్టి, "ఇక్కడి నుంచి గోడ దాకా నెట్టు" అన్నాడు. నెట్టాడు. మళ్లీ ఇవతలి గోడ దాకా. గంటంతా అదే, అటూ ఇటూ.
ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆవకాయతో.

మధు_ఆన్_ఆర్బర్
గోడ దాకా నెట్టు! మాస్టారూ విన్నారా?

లెక్కల_మాస్టారు
విన్నాను. ఫీజు ఎంతో చెప్పలేదు ఆయన.